ముందు బిందెలు, తర్వాత వాన

మా నాన్న వాన కురిపించేవాడు. ఇలా చెప్తే ఎవరో తపస్సు చేసిన మనిషి అనుకుంటారు కాబట్టి వెంటనే వివరం చెప్పేస్తాను. ఒక ట్యాంకరు, ఒక డీజిల్ పంపు, పొడవాటి ఇనప పైపులు, వాటి చివర బిగించే చిల్లుల బిళ్ళలు. సినిమాలో హీరోయిన్ ఏడుస్తూ గేటు దాటగానే ఉరిమి వాన పడుతుంది చూడండి. అందులో ఉరుము రికార్డింగువాళ్ళది, ఏడుపు ఆవిడది, వాన మాది.

అసలు వాన మాకు గిట్టేది కాదు. అది పడితే షూటింగులు ఆగిపోతాయి. జూన్‌లో ఊరంతా మబ్బుల్ని చూసి మురిసిపోతుంటే మా అమ్మ మధురానగర్ అద్దింటి కిటికీలోంచి ఒకసారి పైకి చూసి, "వచ్చింది పోటీకి" అని బట్టలు తీయడానికి వెళ్ళేది. వీపు కాలే ఎండలే మా సీజను. ఏప్రిల్‌లో, మేలో, తారు రోడ్డు చెప్పులకి అంటుకునే వేళ, ఫిల్మ్‌నగర్‌లో ఏదో ఒక బంగళా ముందు మా నాన్న కుండపోతగా కురిపిస్తూ ఉండేవాడు.

ఈ కుండపోతంతా కొండ కింద షేక్‌పేటలో ఉన్న ఒకే ఒక్క బోరు మీద ఆధారపడి ఉండేది. ఆ బోరు పోతే నాన్నకి మిగిలేవి పైపులు. "ఏం పర్లేదు, పెళ్ళి పందిళ్ళు వేసుకోవచ్చు" అని ఒకసారి అన్నాను. ఆ పూట నాకు అన్నం చాలా ఆలస్యంగా వడ్డించారు.

మేం ఇక్కడికి వచ్చింది ఎనభైల్లో. అంతకుముందు నాన్న మద్రాసులో ఒక స్టూడియోలో వాన పని చూసేవాడు. ఇక్కడి ప్రభుత్వం, సినిమా ఈ రాష్ట్రంలో తీస్తే పన్ను తగ్గిస్తాం, స్టూడియో కడితే కొండ మీద స్థలం ఇస్తాం అంది. నాన్న ఇప్పటికీ "ప్రభుత్వం పిలిచింది, వచ్చాం" అంటాడు, తన పేరు మీద ఉత్తరం వచ్చినట్టు. స్థలాలు స్టూడియోలకి వచ్చాయి. మాకు వచ్చింది అద్దిల్లు, దానిలో రెండు గదులు, రెండో గదిలో మంచం కింద పైపులు.

అప్పటికి జూబ్లీహిల్స్ అంటే బండలు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య ఎవరో ధైర్యం చేసి కట్టుకున్న ఇల్లు. లొకేషన్‌కి ఏం కావాలన్నా ఆ కొండ ఇచ్చేది: సూర్యాస్తమయం, లోయ, విలన్ తోసెయ్యడానికి అంచు. నీళ్ళు మాత్రం ఇచ్చేది కాదు. నీళ్ళకి కిందికి దిగాలి. అలా దిగిన నాన్నకి షేక్‌పేట ఊరి చివర, కూరగాయల మడి పక్కన బోరు, బోరు పక్కన నులకమంచం, మంచం మీద ఒక పెద్దాయన కనిపించారు. ఆ మడి, ఆ బోరు ఆయనవే. అందరూ తాత అనేవాళ్ళు. నాన్న కూడా తాత అనేవాడు, ఇద్దరికీ పదేళ్ళ తేడా కూడా లేదు.

తాత బోరు కిరాయికి ఇస్తూ ఒక్కటే షరతు పెట్టాడు.

"ముందుగాల బిందెలు. ఎన్కనే బండి."

బోరు ఎదురుగా ఉన్న బస్తీలో రాళ్ళు కొట్టేవాళ్ళు, ఇళ్ళు కట్టే కూలీలు ఉండేవాళ్ళు. సర్కారు కుళాయికి నీళ్ళు వస్తే వచ్చినట్టు. అందుకని పొద్దున్నే వాళ్ళ ఆడవాళ్ళు తాత బోరు దగ్గర వరసలో నిలబడేవాళ్ళు. చివరి బిందె నిండి, ఆ మనిషి నెత్తి మీదికి ఎత్తుకుని రెండడుగులు వేశాకే మా ట్యాంకరు గొట్టం తగిలించాలి. పెద్ద హీరో వచ్చి మేకప్‌తో కూర్చున్నా సరే. తర్వాతి పదేళ్ళలో తాత కిరాయి పెంచలేదు, షరతు తగ్గించలేదు. కుళాయి కింద ఒక షాబాదు బండ ఉండేది. బిందెలు పెట్టీ పెట్టీ దాని మీద మూడు గుంటలు పడ్డాయి, బిందె అడుగు సరిగ్గా కూర్చునేంత.

తొంభైల మధ్యలో ఒక వేసవి. అంతకుముందు ఏడాది వానలు సరిగ్గా పడలేదు. (మేం సంతోషించాం. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది.) ఏప్రిల్ మొదట్లో బోరుకి రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది కరెంటువాళ్ళది. తాత మోటారుకి వ్యవసాయం కనెక్షను ఉండేది. నీళ్ళు గొట్టంలో ఉన్నంతసేపూ వ్యవసాయం, ట్యాంకరులోకి ఎక్కగానే సినిమా. ఇది ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు, కానీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగారు. నీళ్ళు అమ్మే మోటారుకి వ్యాపారం మీటరు పెట్టాలి, రేటు వేరు అన్నారు. నాన్న ఒక రోజంతా మొహం మాడ్చుకుని, సరే అన్నాడు. తన వానలకి రేటు పెంచుతానని ఒక ప్రొడక్షన్ మేనేజరుతో అంటే ఆయన, "పెంచండి సార్, మేం స్క్రిప్టులో చినుకులు తగ్గిస్తాం" అన్నాడు.

రెండో కాగితంతోనే మా ఇంట్లో అన్నం సరిగ్గా దిగడం మానేసింది. కరువు కారణంగా, సర్కారు తాగునీటి బోర్లకి దగ్గరలో ఉన్న ప్రైవేటు బోర్ల నుంచి నీళ్ళు అమ్మకూడదు. ఆఫీసరు వచ్చి చూస్తాడు. అమ్మకం జరుగుతుంటే మోటారుకి సీలు. బస్తీ అవతల సర్కారు బోరు ఒకటుంది, దాన్ని కొడితే నీళ్ళకన్నా చప్పుడే ఎక్కువ వచ్చేది. అది బతికున్నట్టు లెక్కలో ఉంది కాబట్టి మేం దానికి దగ్గరలో ఉన్నాం.

ఆఫీసరు గురువారం పదకొండింటికి వస్తాడని తెలిసింది. ఇక్కడే ఉంది అసలు తంటా. ఆ సోమవారమే ఫిల్మ్‌నగర్ వాలులో ఒక వాన సీను సగం తీశారు. హీరో గేటు ముందు తడుస్తూ సగం డైలాగు చెప్పాడు. మిగతా సగం గురువారం మధ్యాహ్నం. సోమవారం తడిసిన మనిషి, అదే సీనులో, అదే మాట మధ్యలో గురువారం పొడిగా ఉండటానికి వీల్లేదు. అంటే బోరుకి సీలు పడ్డా, పడకపోయినా, ఆ మధ్యాహ్నం నాలుగు ట్యాంకర్ల నీళ్ళు కొండెక్కాలి.

"మీరు ఇవ్వలేకపోతే ఇప్పుడే చెప్పండి సార్. కొండ మీద కొత్త కంపెనీవాళ్ళకి సొంత సంపు ఉంది. ఒక్క ఫోను చాలు" అన్నాడు ఆ సినిమా ప్రొడక్షన్ మేనేజరు. ఒక్క ఫోను అంటే ఒక్క సీను కాదని నాన్నకి తెలుసు. ఒకసారి ఆ సంపు రుచి మరిగిన యూనిట్ మళ్ళీ షేక్‌పేటకి దిగదు.

సోమవారం నుంచి గురువారం దాకా నాన్న చిల్లుల బిళ్ళలన్నీ తీసి, ఒక్కో చిల్లులోంచి పిన్నీసు పోనిచ్చి శుభ్రం చేశాడు. అయిపోయాక మళ్ళీ మొదటి బిళ్ళ తీశాడు. అమ్మ రెండు పూటలా పప్పులో ఉప్పు వేయలేదు, మేమూ అడగలేదు. మూడో పూట రెండుసార్లు వేసింది.

"సీలు అంటే లక్కతోనా అండీ వేసేది?" అంది.

"స్టార్టరు పెట్టెకి తీగ చుట్టి సీసం బిళ్ళ నొక్కుతారు" అన్నాడు నాన్న.

"తీగే కదా."

"తీగే. తెంపితే జైలు."

"జైల్లో నీళ్ళు బాగా వస్తాయట" అన్నాను నేను. భయం వేస్తే నా నోరు ఊరుకోదు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, నాన్న వెనకాల పైపులు మోస్తున్న రోజులు. బోరు పోతే నాన్నకి వ్యాపారం పోతుంది, నాకు నిరుద్యోగంలో కూడా నిరుద్యోగం వస్తుంది. మాట్లాడకపోతే ఈ లెక్క వినపడుతుందని మాట్లాడుతుండేవాణ్ణి.

బుధవారం పొద్దున వరసలో మొదట నిలబడే ఆవిడ నన్ను ఆపింది. బస్తీలో అందరికన్నా ముందు లేచేది, అందరికన్నా పెద్ద గొంతు ఆవిడదే. ఇంతకుముందు భర్తతో కలిసి రాళ్ళు కొట్టేది. ఇళ్ళ మధ్య రాయి కొట్టకూడదని క్వారీ మూసేశాక, జూబ్లీహిల్స్‌లో కడుతున్న ఇళ్ళకి ఇటుకలు మోస్తోంది.

"తమ్మీ, బోరు బంద్ చేస్తరట, నిజమేనా?"

"చూడటానికి రేపు పదకొండింటికి వస్తున్నారక్కా."

"గప్పుడు మేం పని మీదుంటం గదా. పొద్దుగాల రమ్మనలేరా?"

"ఆఫీసర్లకి తెల్లారేదే పదకొండింటికక్కా."

ఆవిడ నవ్వలేదు. "ఇగో, క్వారీ బంద్ అన్నరు, సరే అన్నం. గిప్పుడు నీళ్ళు గూడ బంద్ అంటే ఎట్ల? మీ నాయిన ఏమంటుండు?"

"బిళ్ళలు తోముతున్నాడు" అన్నాను. నిజమే అది.

ఆ సాయంత్రం ప్రొడక్షన్ మేనేజరు మా ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ ఉపాయం చెప్పాడు. ఆ ఆర్డరు ఆయన ఎవరిచేతో చదివించుకున్నాడట. జనం తాగడానికి పట్టుకునే బోరు అయితే సీలు వెయ్యరు. "అంతే సార్! ఆఫీసరు వచ్చేసరికి అక్కడ బిందెలు కనపడాలి. జనం కనపడాలి. అయిపోయింది!" నాన్న మొహంలోకి మూడు రోజుల తర్వాత రక్తం వచ్చింది. ఆర్డరులో దాని తర్వాత ఇంకో వాక్యం ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. సినిమావాళ్ళు కథ ఇంటర్వెల్ దాకానే విని అడ్వాన్సు ఇచ్చేస్తారు.

"కానీ పదకొండింటికి వాళ్ళు పన్లో ఉంటారు" అన్నాను.

"ఎవరు?"

"జనం."

"జనానికేం బాబూ, నేను పంపిస్తాగా" అన్నాడు మేనేజరు.

ఇప్పుడు తలుచుకుంటే విచిత్రంగా ఉంటుంది. బస్తీకి వెళ్ళి, అమ్మా, రేపొక్క పూట ఆగండి, ఆ కూలీ మేం ఇస్తాం అని అడగొచ్చు. ఆ ఖర్చు మేనేజరు పంపిన జనానికి అయినదానిలో సగం కూడా అయ్యేది కాదు. ఎవరికీ తోచలేదు. ఏ వీధిలో షూటింగు జరిగినా చుట్టూ తాడు కట్టి అసలు జనాన్ని అవతలికి తోసి, లోపలికి అద్దె జనాన్ని తెచ్చే అలవాటు మాది. పదేళ్ళుగా రోజూ చూసే మొహాలు కళ్ళముందు ఉన్నా, జనం అనగానే ఏజెంటుకి ఫోను చేశాం.

గురువారం పదిన్నరకి వ్యానులోంచి ఎనిమిదిమంది జూనియర్ ఆర్టిస్టులు దిగారు, వాళ్ళ వెనకే ప్రొడక్షన్ మేనేజరు. అంచు చీరలు, జడల్లో కనకాంబరాలు, చంకల్లో ఇత్తడి రంగు వేసిన బిందెలు. ఎనిమిది బిందెలూ ఒకే కొలత, ఒకే మెరుపు. తాత మంచం మీద లేచి కూర్చున్నాడు.

"గిదేంది? పెండ్లా?"

"జనం తాతా" అన్నాను.

"గీ జనాన్ని నేనెన్నడు చూడలే."

నాన్న అప్పటికే అలవాటులో పడిపోయాడు. "అమ్మా, నువ్వు కొంచెం ఎడమకి. నువ్వు వెలుతురుకి అడ్డం నిలబడకు తల్లీ. బిందె కిందికి, కిందికి... ఆఁ, అలా" అని సర్దుతున్నాడు. నేను చూస్తున్నానని గమనించి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఆఫీసరు జీపు దిగాడు. సన్నగా, బాగా అలిసిపోయిన మనిషి. ఆ వారంలో ఎన్ని బోర్లు చూశాడో, షర్టు జేబు దగ్గర చెమట ఆరి ఉప్పు కట్టింది. మోటారు చూశాడు, స్టార్టరు పెట్టె చూశాడు, చెట్టు చాటున నిలబెట్టిన మా ట్యాంకరు చూశాడు. అంత ట్యాంకరుకి చాటిచ్చే చెట్టు షేక్‌పేటలో లేదు. తర్వాత వరస దగ్గరికి వచ్చి మొదటి అమ్మాయిని మామూలుగా అడిగాడు.

"ఏమ్మా, ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ నీళ్ళు పట్టుకుంటున్నారు?"

ఆ అమ్మాయి నాన్న వైపు తిరిగింది.

"ఏమండీ, డైలాగు ఉందని చెప్పలేదేంటండీ? డైలాగు ఉంటే రేటు వేరండీ."

మోటారు కొట్టుకుంటూనే ఉంది. నాకు నవ్వు రావాల్సిన చోటు అది. నాలుక మీదికి ఒక మాట వచ్చింది కూడా. నాన్న మెడ మీద నరం చూసి మింగేశాను.

ఆఫీసరు ఫైలు తెరిచాడు. "సీన్ బాగుంది సార్. నేను కమర్షియల్ అని రాసుకుంటున్నా" అన్నాడు నాన్నతో. కోపంగా కూడా అనలేదు. జీపులోంచి తీగచుట్ట తెమ్మని డ్రైవరుకి సైగ చేశాడు.

అప్పుడు వచ్చింది బస్తీ ఆవిడ. వెనకాల ఇంకో ఇద్దరు. ముగ్గురి తలల మీదా ఇటుకలు మోసే చుట్టగుడ్డలు ఇంకా అలాగే ఉన్నాయి. పని మధ్యలో మేస్త్రీతో తగువు పెట్టుకుని కొండ దిగి, ఇంటికెళ్ళి బిందెలు తీసుకుని వచ్చారట. ఆవిడ వరసని ఆ చివర నుంచి ఈ చివరికి చూసింది.

"మా జాగల గీళ్ళెవరే?"

కనకాంబరాల అమ్మాయి, "మేం ఆర్టిస్టులమండీ" అంది.

"అయితే ఏంది? లైన్ లేదా? గా బిందె సూడు, ఒక్క సొట్ట లేదు. ఇంతవరకు నీళ్ళ మొకం సూసిందా గది?" అని, తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఏందన్నా ఇది? మేం సచ్చినమా? మా లెక్క నిలబడనీకి ఇంకొకళ్ళను తెస్తవా?"

పదేళ్ళలో నాన్నని నిర్మాతలు తిట్టారు, డైరెక్టర్లు తిట్టారు. ఇలా ఎవరూ తిట్టలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు ఆఫీసరు.

"నీళ్ళు తాగేదాన్ని" అంది. ఆర్టిస్టు బిందె పక్కకి జరిపి, తన పాత బిందె బండ మీద పెట్టింది. టక్కున గుంటలో కూర్చుంది. వెనకవాళ్ళిద్దరూ తమవీ పెట్టారు. మూడు బిందెలు, మూడు గుంటలు. పక్కకి జరిపిన మెరిసే బిందె బండ అంచు మీద ఊగి ఊగి, దొర్లుకుంటూ ఆఫీసరు బూటుకి తగిలి ఆగింది.

ఆఫీసరు వంగాడు. ఆవిడ బిందె కొంచెం పక్కకి తీయమని, గుంటలో వేలు పెట్టి అంచు చుట్టూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"గది గట్ల కావాలంటే సినిమావోళ్ళతోని కాదు సారూ" అన్నాడు మంచం మీద నుంచి తాత.

డ్రైవరు తీగచుట్ట పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆఫీసరు లేచి కమర్షియల్ అన్న మాట కొట్టేశాడు. నాన్న ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది. ఆ ఊపిరి పూర్తిగా బయటికి వచ్చేలోపే ఆఫీసరు ఆర్డరులోని రెండో వాక్యం చదివాడు. జనం తాగునీటికి వాడే ప్రైవేటు బోరును వేసవి అయ్యేదాకా ప్రభుత్వం తన కిందికి తీసుకోవచ్చు. అందులోంచి ఒక్క చుక్క కూడా వ్యాపారానికి పోకూడదు.

"బోరు కిరాయికి తీసుకుంది మీరు కాబట్టి, రెండిట్లో ఏది నిజమో మీరే రాసివ్వండి సార్. తాగునీరు అంటే మోటారు నడుస్తుంది, మీ బండి రాకూడదు. వ్యాపారం అంటే ఇప్పుడు సీలు. పర్మిషనుకి అప్లై చేసుకోండి, వస్తే తీస్తాం. మీ ఇండస్ట్రీవాళ్ళకి పైన ఎవరో ఒకరు తెలిసే ఉంటారుగా."

ప్రొడక్షన్ మేనేజరు నాన్న చెవిలో, "సీలు వెయ్యనివ్వండి సార్. ఇవాళ నీళ్ళు ఎక్కడి నుంచో తెస్తాను. వారంలో పైనుంచి ఫోను చేయించి పర్మిషను తెప్పిస్తాను" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆయన చేయించగలడు. వారం, పది రోజులు. ఆ పది రోజులు మూడు గుంటలూ ఖాళీగా ఉంటాయి.

ఈ చోట సినిమా అయితే నాన్న ఆకాశం వైపు చూడాలి, వయొలిన్లు మొదలవాలి. ఆయన మోటారు వైపు చూశాడు. తర్వాత స్టార్టరు పెట్టె చుట్టూ తీగ ఎలా చుడతారో ఊహించుకుంటున్నట్టు తల కొంచెం తిప్పాడు. "ఆగిన మోటారు మళ్ళీ పట్టుకోవడం కష్టం" అని గొణిగి, పెన్ను తీసుకుని తాగునీరు అని రాసి సంతకం పెట్టాడు. త్యాగం చేశావా నాన్నా అని తర్వాత ఎప్పుడో అడిగితే, "నోర్ముయ్. వాషర్లు ఎండిపోతే పగులుతాయి" అన్నాడు. ఆయన చెప్పిన కారణం అదే. నేను దానికి ఇంకేమీ కలపదలుచుకోలేదు.

ఆ పొద్దున బిందెలయ్యాక నింపిన ఒక్క ట్యాంకరు మాత్రం మా దగ్గర ఉంది. నాలుగు కావాలి. ఆఫీసరు ఆ ఒక్క ట్యాంకరు వైపు చూసి, వాచీ చూసుకుని, "ఆర్డరు ఇప్పటి నుంచి" అని జీపెక్కాడు.

ఆ మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ వాలులో నాన్న చేసినలాంటి పని నేను ఇంకెక్కడా చూడలేదు. గేటు కింద రోడ్డు మలుపులో గుంట తీయించి టార్పాలిన్లు పరిచాడు. పైన కురిసిన వాన వాలులో జారి అందులోకి దిగేది. దాన్ని అమ్మ పాత నూలు చీర మడతల్లోంచి వడకట్టి, మళ్ళీ పంపుతో పైకి తోడి, మళ్ళీ కురిపించాడు. ప్రతి షాటుకీ ముందు గుంటలోకి తొంగి చూసి, ఎంత మిగిలిందో కర్రతో కొలిచేవాడు. నీళ్ళు అయిపోయేలోపు డైలాగు అయిపోవాలి. ఆ హీరోకి మాటలు గుర్తుండవు. ఆయన తడబడినప్పుడల్లా నాన్న కళ్ళు మూసుకునేవాడు.

మూడోసారి కురిసేసరికి వాన గోరువెచ్చగా అయింది. ఐదోసారికి ఎర్రగా అయింది. "ఈ వాన వాసనొస్తోందేంటి?" అన్నాడు హీరో. "మట్టి వాసన సార్, నేచురల్‌గా ఉంటుంది" అన్నాడు డైరెక్టరు. ఆఖరి మాట చెప్పేసరికి గుంటలో కర్ర తడవలేదు. సీను అయిపోయింది. సినిమా వచ్చాక చూశాను. సోమవారం వాన తెల్లగా ఉంటుంది, గురువారం వాన టీ రంగులో ఉంటుంది. హాల్లో ఎవరూ గమనించలేదు, హీరోయిన్ ఏడుస్తోంది కదా.

తర్వాత నాన్నకి వాన ఆగిపోలేదు, చిన్నదైపోయింది. నీళ్ళు దూరం నుంచి తేవాలి, డీజిలు, టార్పాలిన్లు, గుంట తీసే మనుషులు. వాన రేటు పెరిగింది, మేనేజర్లు అన్నట్టే చినుకులు తగ్గించారు. క్లోజప్పులో పడే వానలు మాకు, వీధంతా తడిసే వానలు కొండ మీది సంపు కంపెనీకి. "వేసవి అయ్యేదాకా" అన్న కాగితం ప్రతి ఏడూ వచ్చేది, ప్రతి ఏడూ ఇంకాస్త ముందే వచ్చేది. ప్రభుత్వం లెక్కలో వేసవి ఒక ఏడు ఫిబ్రవరిలోనే మొదలైంది.

అయినా నాన్న పొద్దున్నే షేక్‌పేట వెళ్ళేవాడు. మోటారు చప్పుడు విని, తాతతో టీ తాగి వచ్చేవాడు. ఆ చప్పుడు మారుతోందని మొదట చెప్పింది ఆయనే. మధ్యమధ్య గాలి మింగుతోంది అన్నాడు. పైన కొండ మీద ఇళ్ళు వరసలుగా లేచాయి. ప్రతి ఇంటికీ ఒక బోరు, పక్కింటి బోరు కన్నా లోతుగా. వాళ్ళు నీళ్ళు అమ్మరు కాబట్టి ఏ ఆర్డరూ వాళ్ళ గేటు దాటలేదు. గడ్డికి పోసుకునేవాళ్ళు, కార్లు కడుక్కునేవాళ్ళు. మా ఆవిడ మోసిన ఇటుకల ఇళ్ళే అవి. మా ఆవిడ అంటే బస్తీ ఆవిడ. నాకింకా పెళ్ళి కాలేదు.

రెండు వేసవుల తర్వాత ఒక పొద్దున మోటారు తిరుగుతూనే ఉంది, కుళాయిలోంచి ఏమీ రాలేదు. నాన్న చాలాసేపు గొట్టానికి చెవి పెట్టి నిలబడ్డాడు. తర్వాత తనే స్విచ్ ఆపేశాడు. ఎవరూ సీలు వేయలేదు, ఎవరి సంతకమూ అవసరం పడలేదు.

బస్తీకి ట్యాంకర్లతో నీళ్ళు సరఫరా చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. షేక్‌పేట ప్రాంతంలో అద్దెకి దొరికే ట్యాంకర్లు ఎవరివని వెతికింది. ఆ అలిసిపోయిన ఆఫీసరే మా ఇంటికి వచ్చి, నాన్నని గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు ట్యాంకరు అద్దె కాగితం ఇచ్చాడు.

మొదటి రోజు నేనూ బండిలో వెళ్ళాను. నాన్న ట్యాంకరుని చెట్టు చాటుకి తీసుకెళ్ళబోయి, గుర్తొచ్చి, తిన్నగా బండ దగ్గరికి తెచ్చాడు. వరస ఉంది. మొదట ఆవిడే. బిందె గుంటలో పెట్టి, గొట్టం కోసం చెయ్యి చాపింది.

"అన్నా, గీడికెళ్ళి నింపుకపోయేటోనివి, గీడికే తెస్తున్నవా?"

"ఏం చేస్తానమ్మా, కాగితం అలా ఉంది."

"రోజూ వస్తదా?"

కాగితంలో వేసవి అయ్యేదాకా అని ఉంది. "వస్తాననే అనుకుంటున్నా" అన్నాడు నాన్న.

"అనుకుంటే అయితదా?" అంది ఆవిడ, నీళ్ళు పడుతున్న బిందెలోకి చూస్తూ. ఒక ట్యాంకరుకి ఎన్ని బిందెలు వస్తాయో, వెనక ఎంతమంది ఉన్నారో ఒకసారి తిరిగి చూసుకుంది. "ఫిల్మ్‌నగర్‌ల షూటింగ్ గిట్ల ఉందా ఇయ్యాల?"

"ఉంది. మధ్యాహ్నం. చిన్న వాన."

"ముందుగాల మావి కానియ్యి" అని, నిండిన బిందె ఎత్తుకుని రెండడుగులు వేసింది.